కాలేజీ జర్నల్‌కు సైటేషన్ల లెక్క: అంకె సంగతి తర్వాత, ముందు ఇవి చూడండి

కడప నుంచి ఒక మేడమ్ అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల డిగ్రీ కాలేజీ కొన్నేళ్లుగా ఏటా రెండు సంచికల చొప్పున పరిశోధన జర్నల్ తెస్తోంది. కామర్స్, తెలుగు, చరిత్ర, వ్యవసాయం, జువాలజీ అన్నీ అందులోనే. వ్యాసాలను అచ్చుకు ముందు చదివి తేల్చే రివ్యూయర్లు దొరకడం లేదని కూడా ఆవిడ బాధ. కాలేజీల నాణ్యతను మదింపు చేసే నాక్ బృందం రాబోతోందని, జర్నల్‌కు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (మన వ్యాసాలను ఇతరులు సగటున ఎంత ఉదహరించారో చెప్పే అంకె) ఎంతో చూసి పెంచమని మేనేజ్‌మెంట్ ఆవిడ మీద పెట్టింది. ఇంతలో, డబ్బు కడితే వారంలో ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సర్టిఫికెట్ పంపుతామని ఒక ఈమెయిల్ వచ్చింది. కట్టాలా? వద్దంటే, సైటేషన్లు (ఇతరులు తమ రచనల్లో ఉదహరించిన సందర్భాలు) చూసి జర్నల్ ఎలా ఉందో తెలుసుకోవడం, బాగుచేసుకోవడం ఎలా? నేను అనంతపురంలో యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేసి రిటైరయ్యాను. ఎడిటర్లకు ఇలాంటి లెక్కలు తీసిపెట్టడం నా పనిలో భాగంగా ఉండేది కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

కట్టొద్దు మేడమ్. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే మాటను ఎవరు పడితే వాళ్లు వాడుకుంటున్నారు గానీ, ఆ పేరుతో అందరూ ఒప్పుకునే అంకె ఒక్కచోటే వస్తుంది. క్లారివేట్ సంస్థ ఏటా విడుదల చేసే జర్నల్ సైటేషన్ రిపోర్ట్స్‌లో. యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన 1955లో సైన్స్ పత్రికలో ఎవరు ఎవరిని ఉదహరించారో చూపే సైటేషన్ సూచిక ఆలోచనను ముందుపెట్టాడు. ఆయన ఫిలడెల్ఫియాలో పెట్టిన సంస్థ నుంచే 1960ల్లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్, 1975లో ఈ రిపోర్టులు వచ్చాయి. ఆ వ్యాపారం చేతులు మారుతూ 2016లో క్లారివేట్ పేరు కిందికి వచ్చింది. మీ జర్నల్ వాళ్ల వెబ్ ఆఫ్ సైన్స్ అనే డేటాబేస్‌లోకి ఎక్కితేనే ఆ అంకె వస్తుంది. అందులో చేర్చుకోవడానికి పరిశీలించినందుకు వాళ్లు ఫీజు తీసుకోరు. ఎల్సెవియర్ వాళ్ల అలాంటి డేటాబేస్ స్కోపస్ కూడా తీసుకోదు. ఇక డబ్బు అడిగేవాళ్లు ఏం అమ్ముతున్నట్టు? ఆ సర్టిఫికెట్ అంకెను కవర్ పేజీ మీద వేసుకున్న జర్నల్‌ను విషయం తెలిసిన రివ్యూయర్ తెరిచి కూడా చూడడు. డబ్బు పోవడం కంటే అది పెద్ద నష్టం.

ఇంకో సంగతి. యూజీసీ 2018లో ప్రకటించిన కేర్ లిస్టును (అది ఆమోదించిన జర్నళ్ల జాబితాను) 2025 ఫిబ్రవరిలో తీసేసింది. ఏ జర్నల్ మంచిదో తేల్చుకునే పని ఇప్పుడు కాలేజీల మీద, పరిశోధకుల మీద పడింది. లిస్టులో ఉన్నామా లేదా అన్న ఒక్క మాటతో ఇదివరకు కథ ముగిసేది. ఇప్పుడు మీ దగ్గర చూపించడానికి నిజంగా ఏదో ఒకటి ఉండాలి. అందుకే ఈ కసరత్తు పనికొస్తుందంటున్నాను.

ఆ అంకె ఎలా పుడుతుందో తెలుసుకుంటే మేనేజ్‌మెంట్‌తో మాట్లాడటం సులువు. 2025 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, 2023, 2024లో మీరు వేసిన వాటికి 2025లో వచ్చిన సైటేషన్లను ఆ రెండేళ్ల వ్యాసాల సంఖ్యతో భాగించడం. ఉదాహరణకు సంచికకు పది వ్యాసాలనుకుందాం. రెండేళ్లకు 40 అవుతాయి. వాటికి 10 సైటేషన్లు వస్తే 0.25. అందులో ఒక్క వ్యాసం బాగా పేలి అదనంగా 12 తెచ్చిందంటే అంకె 0.55కి లేస్తుంది. జర్నల్ రెండింతలకు మించి బాగుపడిందా? మిగతా 39 వ్యాసాలు నిన్న ఎలా ఉన్నాయో ఇవాళా అలాగే ఉన్నాయి కదా.

పెద్ద జర్నళ్లకూ ఇది తప్పదు. అక్టా క్రిస్టలోగ్రఫికా సెక్షన్ ఏ అనే జర్నల్‌లో 2008లో షెల్డ్రిక్ అనే శాస్త్రవేత్త, స్ఫటికాల నిర్మాణం తేల్చే తన ప్రోగ్రాముల చరిత్ర మీద ఒక వ్యాసం రాశాడు. ఆ ప్రోగ్రాములు వాడిన ప్రతివాళ్లూ దాన్ని ఉదహరించారు. రెండు దగ్గర ఉన్న ఆ జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్ 2009కి 49.9 అయింది. ఆ వ్యాసం రెండేళ్ల లెక్క పరిధి దాటాక మళ్లీ రెండుకే దిగింది. జిల్లా సగటు వర్షపాతం బాగుందని పేపర్లో చదివి మన చేనిలో వాన పడిందనుకుంటే ఎలా ఉంటుందో, సగటు చూసి జర్నల్‌ను అంచనా వేయడమూ అలాగే ఉంటుంది. ఏ వ్యాసానికి ఎన్ని వచ్చాయో విడివిడిగా చూడాలి.

ఇక పని. ఎక్సెల్ షీటులో గత ఐదేళ్ల వ్యాసాలన్నీ వరుసకు ఒకటి చొప్పున ఎక్కించండి. శీర్షిక, రచయితలు, సబ్జెక్టు, సంచిక, పేజీలు. ఒక్కో శీర్షికను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్ స్కాలర్‌లో వెతకండి. ఎందరు ఉదహరించారో అక్కడ కనిపిస్తుంది. అంకె రాసుకుని ముందుకు పోకండి. దాని మీద నొక్కి, ఉదహరించిన ప్రతి పత్రాన్నీ చూడండి. ఒకే థీసిస్ రెండుసార్లు లెక్కకొచ్చి ఉంటుంది. రచయిత తనను తాను ఉదహరించుకున్నవి ఒక కాలమ్‌లో, మీ జర్నల్‌లోని ఇతర వ్యాసాల నుంచి వచ్చినవి ఇంకో కాలమ్‌లో వేయండి. డబ్బు కడితే ఏదైనా అచ్చేసే జర్నళ్ల నుంచి వచ్చినవాటికి వేరే కాలమ్ పెట్టండి. చివరికి మిగిలేది చిన్న అంకె. దాన్ని చూసి నీరసపడొద్దు, మీకు పనికొచ్చే సమాచారమంతా ఆ కొద్దిపాటిలోనే ఉంటుంది.

ఆ మిగిలినవాటిని తెరిచి, మీ వ్యాసాన్ని ఏ వాక్యంలో ఎందుకు తలచుకున్నారో చదవండి. మీ లెక్కల పట్టికను వాడుకున్నారా, పద్ధతిని అనుసరించారా, తప్పుపట్టారా, లేక ఐదారు పేర్ల గుంపులో మీ పేరూ పడేశారా? గుంపులో పడిన పది సైటేషన్ల కంటే మీ పట్టికను తీసుకుని వాదన నడిపిన ఒక్కటి విలువైనదని నా అభిప్రాయం. తప్పుపట్టినా మంచిదే, కనీసం చదివారు. అలా రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు, సంస్థలు రాసిపెట్టుకోండి. మీకు రివ్యూయర్లు దొరకడం లేదని మేడమ్ బాధపడ్డారు కదా, ఆ జాబితానే మీ రివ్యూయర్ల జాబితా. ఇంఫ్లిబ్‌నెట్ సంస్థ వాళ్ల ఆన్‌లైన్ థీసిస్ భాండాగారం శోధ్‌గంగలో ఉన్నవీ వెతకండి. థీసిస్‌లో వచ్చిన సైటేషన్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌లో లెక్కకు రాదు గానీ, మన ప్రాంతం మీద రాసిన వ్యాసాలను ఎక్కువగా వాడుకునేది పీహెచ్‌డీ పిల్లలే.

సున్నా వచ్చిన వ్యాసాల దగ్గర ఇంకాస్త ఆగండి. అవన్నీ నాసిరకం అనుకోనక్కర్లేదు. చాలావాటికి అసలు రోగం, ఎవరికీ కనపడకపోవడం.

సంచిక మొత్తాన్ని స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా వెబ్‌సైట్‌లో పెట్టే కాలేజీలు చాలా ఉన్నాయి. అలా పెడితే గూగుల్ స్కాలర్‌కు అందులో పది వ్యాసాలున్నాయని తెలియదు. బొమ్మగా ఉన్న పేజీలో అక్షరాలను అది చదవలేదు. ఒక్కో వ్యాసానికి ఒక్కో లింకు ఉండాలి, ఫైలు 5 ఎంబీ దాటకూడదు, మొదటి పేజీలో పైన పెద్ద అక్షరాల్లో శీర్షిక, దాని కింద రచయితల పేర్లు, చివర రిఫరెన్సులు అని స్పష్టంగా ఒక భాగం ఉండాలి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే ఇందులో చాలా భాగం అదే చూసుకుంటుంది. కంప్యూటర్ సైన్స్ డిపార్ట్‌మెంట్ వాళ్లకు అప్పగించండి.

మీ తెలుగు విభాగం సంగతి ఇంకా ఘోరంగా ఉండి ఉంటుంది, చూడకుండానే చెప్పగలను. డీటీపీ సెంటర్లో పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో చేయించి ఉంటారు. అచ్చులో అక్షరాలు ముత్యాల్లా కనిపిస్తాయి. కానీ ఆ పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి. పిచ్చి గుర్తులు తప్ప తెలుగు రాదు. సెర్చ్ ఇంజన్‌కు కనిపించేది ఆ పిచ్చి గుర్తులే. తొలి తెలుగు శాసనాల్లో ఒకటైన కళమల్ల శాసనం మీద ఎంత మంచి వ్యాసం రాసినా, ఎవరైనా తెలుగులో వెతికితే దొరకదు. ఏ కంప్యూటరైనా తెలుగుగా చదవగలిగే యూనికోడ్‌లోకి మారాల్సిందే. తెలుగు వ్యాసాలకు ఇంగ్లీషులో శీర్షిక, సారాంశం తప్పనిసరి చేయండి. రిఫరెన్సులను రోమన్ లిపిలో కూడా ఇవ్వండి. రేపెప్పుడైనా స్కోపస్‌కు దరఖాస్తు పెడితే వాళ్లు అడిగేవాటిలో ఇవీ ఉంటాయి.

తర్వాత మన పేర్లు. కె. వెంకట రమణారెడ్డి అని ఒక లెక్చరర్ ఉన్నారనుకోండి. ఇంటిపేరు ముందుంటుంది, వెబ్‌సైట్ ఫారమేమో చివరి పేరు ఇమ్మంటుంది. ఒకచోట రెడ్డి కె.వి.ఆర్. అవుతారు, ఇంకోచోట రమణారెడ్డి కె.వి., మరోచోట వెంకట ఆర్.కె. ఉదహరించేవాడు ఒకటి రాస్తాడు, డేటాబేస్ ఇంకోటి వెతుకుతుంది, సైటేషన్ గాల్లో కలిసిపోతుంది. రాయలసీమలో రెడ్డి అన్న చివరి పేరుతో ఎంతమంది పరిశోధకులున్నారో మీకు చెప్పక్కర్లేదు. ప్రతి రచయితనూ ఆర్కిడ్ నంబర్ (పరిశోధకుడికి ఒక్కరికే చెందే గుర్తింపు నంబర్) తీసుకోమనండి, ఉచితమే. ప్రతి వ్యాసం మొదటి పేజీ అడుగున "ఈ వ్యాసాన్ని ఇలా ఉదహరించండి" అని పూర్తి వివరాలతో ఒక వరుస అచ్చువేయండి. దాన్ని చూసి కాపీ చేసుకుంటారు, తప్పులు తగ్గుతాయి. జర్నల్ పేరును కూడా ఒకే తీరుగా, ఒకే సంక్షిప్త రూపంలో వాడండి. ఆకర్షణీయంగా ఉంటుందని పేరు మార్చే ఆలోచన ఉంటే మానుకోండి. పేరు గణనీయంగా మారితే కొత్త ఐఎస్ఎస్ఎన్ (పత్రికల గుర్తింపు నంబర్) తీసుకోవాలి, పాత సైటేషన్లు పాత పేరు మీదే ఉండిపోతాయి.

డబ్బు పెట్టగలిగితే క్రాస్‌రెఫ్ అనే నమోదు సంస్థలో సభ్యత్వం తీసుకుని ప్రతి వ్యాసానికీ డీఓఐ, అంటే శాశ్వత గుర్తింపు నంబర్, ఇవ్వండి. సర్టిఫికెట్ కొనడానికి అనుకున్న డబ్బు దీనికి పెట్టమని మేనేజ్‌మెంట్‌కు చెప్పొచ్చు. డీఓఐతో పాటు వ్యాసం చివరి రిఫరెన్సులను కూడా క్రాస్‌రెఫ్‌లో నమోదు చేయండి. చాలామంది ఈ రెండో పని వదిలేస్తారు. అలా నమోదైన రిఫరెన్సులను 2022లో మొదలైన ఓపెన్ అలెక్స్ లాంటి ఉచిత డేటాబేస్‌లు తీసుకుంటాయి. మీ జర్నల్ ఎవరిని ఉదహరించిందో, మిమ్మల్ని ఎవరు ఉదహరించారో చందా కట్టకుండానే చూసుకోవచ్చు.

ఇప్పటిదాకా చెప్పింది బయటి నుంచి మీకు వచ్చే సైటేషన్ల గురించి. నన్నడిగితే చిన్న జర్నల్‌కు అసలు గని రెండో వైపుంది. మీ వ్యాసాలు ఎవరిని ఉదహరిస్తున్నాయి? ఇందుకు ఏ డేటాబేస్ అక్కర్లేదు, మీ సంచికలు మీ బీరువాలోనే ఉన్నాయి. బయటి సైటేషన్లు మీ చేతిలో లేవు, ఇవి ఉన్నాయి.

గత నాలుగైదు సంచికల రిఫరెన్సులన్నీ ఒకచోట చేర్చండి. ఇద్దరు ముగ్గురు పీజీ విద్యార్థులకు ఇస్తే చేసిపెడతారు. ఒక్కోదానికి సంవత్సరం, రకం రాయించండి. జర్నల్ వ్యాసమా, పుస్తకమా, వార్తాపత్రికా, వెబ్‌సైటా? కామర్స్ వ్యాసాల్లో సగం రిఫరెన్సులు పాఠ్యపుస్తకాలు, వెబ్‌సైట్లే అయితే అక్కడ పరిశోధన జరగలేదని అర్థం, క్లాసు నోట్సు వ్యాసంగా మారింది. అనంతపురం వేరుశనగ మీద రాసి, కదిరి పరిశోధన స్థానం పని గానీ పటాన్‌చెరు ఇక్రిశాట్ పని గానీ రిఫరెన్సుల్లో ఎక్కడా లేకపోతే, రచయితకు రంగం తెలియదు సరే, దాన్ని దాటనిచ్చిన రివ్యూయర్‌కూ తెలియదు. ఇలాంటి చోట మీకు దొరికేది రివ్యూ లోపం. దాన్ని సరిచేస్తే వ్యాసం బాగుపడుతుంది, సైటేషన్ల సంగతి దాని వెనకాలే వస్తుంది.

రిఫరెన్సుల్లో తప్పులు కూడా చూడండి. ఒక్కో వ్యాసంలో ఏవో పది తీసుకుని అవి నిజంగా ఉన్నాయా, సంవత్సరం, పేజీలు సరిపోయాయా అని చూస్తే చాలు. ఈమధ్య ఏఐతో రాయించుకున్న వ్యాసాల్లో అసలు లేని పుస్తకాలు, లేని వ్యాసాలు కూడా వస్తున్నాయి. డీఓఐ కొట్టి చూస్తే నిమిషంలో బయటపడుతుంది. ఒక్కటి దొరికినా ఆ వ్యాసాన్ని మొత్తంగా ఆపేయాలన్నది నా లెక్క. అది మతిమరుపు వల్ల జరిగే పొరపాటు కాదు.

ఇంకొకటి గమనించండి. మీ వ్యాసాల్లో ఏ రెండింటికైనా ఉమ్మడి రిఫరెన్సులు ఉన్నాయా? దీన్ని బిబ్లియోగ్రాఫిక్ కప్లింగ్ అంటారు, కెస్లర్ 1963లో చెప్పాడు. లైడెన్ యూనివర్సిటీ వాళ్ల వోస్‌వ్యూయర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ దీన్ని బొమ్మగా చూపిస్తుంది. మీ పరిమాణానికి కంటితో చూసినా తెలిసిపోతుంది. జువాలజీ నుంచి తెలుగు కవిత్వం దాకా వేసే జర్నల్‌లో ఒక వ్యాసానికి ఇంకో వ్యాసంతో చుట్టరికం ఉండదు. ఎవరి దీవి వాళ్లది. ఈ సంచిక చదివిన కామర్స్ పాఠకుడికి వచ్చే సంచిక కోసం ఎదురుచూడాల్సిన పని లేదు. ఒక విషయం మీద వచ్చే వ్యాసాల్లో ఎక్కువ భాగం కొద్ది జర్నళ్లలోనే పోగుపడతాయని, మిగతావి లెక్కలేనన్ని జర్నళ్లలో చెల్లాచెదురుగా ఉంటాయని బ్రాడ్‌ఫర్డ్ 1934లోనే చూపించాడు. అన్నీ వేసే జర్నల్ ఏ విషయంలోనూ ఆ మొదటి గుంపులోకి చేరలేదు. ఎప్పటికీ చెల్లాచెదురులోనే ఉంటుంది.

కాబట్టి మేడమ్, నేను చెప్పగలిగిన పెద్ద సలహా పరిధి తగ్గించడం. మీ దగ్గర వ్యవసాయం, జువాలజీ, అర్థశాస్త్రం, చరిత్ర మనుషులున్నారు. వర్షాధార ప్రాంతం అనే ఒక్క తాడు మీదికి వాళ్లందరినీ తేవచ్చు. వేరుశనగ, కొర్ర, చెరువులు, బోర్లు, నీళ్లలో ఫ్లోరైడ్, వలస. ఈ అంశాల మీద పని చేసేవాళ్లు కర్నూలు నుంచి కర్ణాటక బళ్లారి దాకా, ఇంకా దూరంగానూ ఉన్నారు. వాళ్లకు మీ జర్నల్ చూడటానికి ఒక కారణం ఉంటుంది. తెలుగు సాహిత్యం, శాసనాలను ఏడాదికొక ప్రత్యేక సంచికగా విడదీయండి. సంపాదక బోర్డులో గొడవ అవుతుంది, తెలుసు. "మా డిపార్ట్‌మెంట్ వాళ్ల పేపర్లు ఎక్కడ వేసుకోవాలి?" అంటారు. ప్రమోషన్ పేపర్ల కోసమే జర్నల్ నడుపుతున్నారా అని నిదానంగా అడగండి. జవాబు అవునైతే ఈ కసరత్తంతా అనవసరం.

చరిత్ర, తెలుగు విభాగాల వాళ్లను రెండేళ్ల లెక్కతో కొలవొద్దు. క్రీ.శ. 575 నాటిదని చెప్పే కళమల్ల శాసనం మీద ఇవాళ రాసిన వ్యాసాన్ని పదిహేనేళ్ల తర్వాత ఎవరో పరిశోధకుడు ఉదహరించవచ్చు. ఆ రంగం నడిచే వేగమే అది. వైద్యం, జీవశాస్త్రం వేగం వేరు. జర్నల్ అంకెతో మనుషులను, వ్యాసాలను కొలవొద్దని పరిశోధన మదింపు మీద వచ్చిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2013లోనే చెప్పింది. దాన్ని ఒక కాపీ తీసి బోర్డు మీటింగ్‌లో పెట్టండి.

అంకె పెంచమని ఒత్తిడి ఉన్నచోట దొడ్డిదారులు కనిపిస్తూనే ఉంటాయి. "మా జర్నల్ నుంచి మూడు వ్యాసాలు ఉదహరిస్తేనే తీసుకుంటాం" అని రచయితకు చెప్పడం ఒకటి. పక్క ఊరి కాలేజీ జర్నల్‌తో నువ్వు నన్ను, నేను నిన్ను అని ఒప్పందం చేసుకోవడం ఇంకోటి. ఇది మన కనిపెట్టుడేమీ కాదు. బ్రెజిల్‌లో కొన్ని జర్నళ్లు ఒకదాన్నొకటి ఇలాగే ఎత్తుకుంటే 2013లో వాటి ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను ఆపేశారు. సొంత సైటేషన్లు మితిమీరినా అదే శిక్ష. కాకపోతే సొంత సైటేషన్ ప్రతిదీ తప్పు అనుకోకండి. ఫ్లోరైడ్ మీద మీ జర్నల్‌లోనే ముందొక మంచి వ్యాసం వచ్చి ఉంటే, తర్వాతివాడు దాన్ని ఉదహరించకపోవడమే తప్పు.

సమీక్ష వ్యాసాలకు సైటేషన్లు ఎక్కువ వస్తాయని అందరూ చెబుతారు, నిజమే. ఆ ఆశతో సంచికంతా వాటితో నింపొద్దు. రాయలసీమ వేరుశనగ పరిశోధన మీద ఇప్పటిదాకా జరిగినదంతా ఒకచోట పెట్టే వ్యాసం ఒక్కటి, ఆ రంగంలో తలపండిన వ్యక్తితో అడిగి రాయించండి. ఏడాదికి ఒకటి చాలు.

మేనేజ్‌మెంట్‌కు, నాక్ వాళ్లకు ఏం చూపాలన్నది మిగిలింది. ఇంట్లో వేసుకున్న లెక్కను ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అని రాయకండి. "గూగుల్ స్కాలర్ ప్రకారం, సొంత సైటేషన్లు తీసేశాక" అని తేదీతో సహా రాసి, ఐదేళ్లలో ఎన్ని వ్యాసాలను ఎవరైనా ఉదహరించారో చెప్పండి. ఉదహరించినవాళ్లు ఎన్ని సంస్థలవాళ్లో రాయండి. ఎన్ని వ్యాసాలు వస్తే ఎన్ని తిరస్కరించారో, రివ్యూయర్లలో మీ కాలేజీ బయటివాళ్లు ఎందరో కూడా. మీ ఎక్సెల్ షీటునే పక్కన పెట్టండి. అడిగినవాళ్లకు తెరిచి చూపగలిగిన చిన్న అంకెను ఎవరూ తప్పుపట్టరు.

ఎండాకాలం సెలవుల్లో పాత సంచికల పీడీఎఫ్‌లు విడదీయించే పనితో మొదలుపెట్టండి. అది అయ్యాక కొన్ని నెలలకు గూగుల్ స్కాలర్‌లో మళ్లీ వెతికితే ముందు కనపడని వ్యాసాలు కనపడటం మొదలవుతుంది. సైటేషన్లు మాత్రం ఒకట్రెండేళ్లు పడతాయి. ఎవరో చదవాలి, రాయాలి, అది అచ్చవ్వాలి. తెలుగు ఫైళ్లను అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి గానీ, మార్చాక ప్రూఫ్ చదివించకుండా పెట్టకండి. వత్తులు, కొమ్ముల దగ్గర తప్పులు దొర్లుతాయి. శాసన పాఠాలున్న వ్యాసాలనైతే రాసినవాళ్లకే పంపి చూపించండి.